ఆనకట్ట నిలిచింది.. రేవు మిగిలిపోయింది
గోదావరిని కడలికి చేర్చాలనుకున్న కాటన్ దొర జీవితంలో మరుగున పడిన అధ్యాయం

ధవళేశ్వరం: ఏటా మే 15వ తేదీన ఉమ్మడి గోదావరి జిల్లాల్లో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలకు పూలమాలలు పడతాయి. ధవళేశ్వరం మొదలుకొని కోనసీమ లంకల వరకు ఆయన బొమ్మ లేని కూడలి అరుదు. గోదావరిలో స్నానమాచరించి పితృదేవతలకు తర్పణం విడిచే వేళ ఆ తెల్లదొర పేరును కూడా తలచుకునే ఆనవాయితీ ఈ ప్రాంతంలో ఉండటం విదితమే. ఇంతటి కృతజ్ఞతకు కారణం ఆనకట్ట. అయితే దానికి బీజం వేసిన 1844 నాటి నివేదికలో కాటన్ కోరింది ఆనకట్ట ఒక్కటే కాదన్న సంగతి వేదికల మీద వినిపించదు. నీరు, కాలువ, పడవ, రేవు.. ఈ నాలుగింటినీ ఆయన ఒకే పనిగా భావించారు. పండిన గింజ ఓడ ఎక్కి కడలి దాటినప్పుడే రైతుకు ధర, ఖజానాకు రాబడి అన్నది ఆయన లెక్క. మొదటి మూడింటికీ సర్కారు సొమ్ము విదిల్చింది. నాలుగోదాని వద్దకు వచ్చేసరికి చేయి బిగించింది. లోతైన రేవు ఆయన కన్నుమూసేనాటికి కూడా గోదావరి తీరానికి రాలేదు.

తొలి ఉద్యోగం సముద్రం మీదే

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండుగురు కుమారులు కాగా, ఈయన పదోవారు. వంశం పెద్దదే గాని పదో కుమారునికి వారసత్వంగా దక్కేది స్వల్పం. పదిహేనేళ్ల ప్రాయంలోనే ఆయన ఈస్టిండియా కంపెనీ నడుపుతున్న అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. 1819లో ఇంజినీర్ల దళంలో నియమితులై, 1821లో మద్రాసు రేవులో దిగారు. రేవు అనడం మాటవరసకే. ఆనాటి మద్రాసులో ఓడ ఒడ్డుకు చేరే వీలు లేదు. కెరటాలు విరిగే చోటికి ఆవల లంగరు వేస్తే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషులనూ సరుకునూ దించేవారు. రాజధానికే ఓడలు ఆగే చోటు లేని గడ్డమీద ఈ యువ ఇంజినీరు కొలువు మొదలైంది.

ఆయనకు అప్పగించిన తొలి పనుల్లో ఒకటి పాంబన్ జలమార్గపు సర్వే. రామేశ్వరం దీవికీ ప్రధాన భూభాగానికీ నడుమనున్న ఆ ఇరుకు సందులో రాళ్లు, ఇసుక దిబ్బలు ఓడలకు అడ్డం. అందుచేత ఒక తీరం నుంచి మరో తీరానికి వెళ్లే నౌకలు సింహళం చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. ఆ సందును లోతు చేస్తే ఎంత దూరం, ఎంత కాలం కలిసివస్తుందో తేల్చేందుకు కంపెనీ సర్వే జరిపించింది. కొలతతాడు చేతపట్టి నీటి అడుగును అంచనా వేసిన ఆ అనుభవమే తదుపరి కాలంలో ఆయన ఆలోచనకు తోవ చూపిందని చెప్పవచ్చు. నేల మీద బండి ప్రయాణానికీ, నీటి మీద పడవ ప్రయాణానికీ ఖర్చులో గల వ్యత్యాసం ఆయన మనసులో జీవితాంతం నిలిచిపోయింది.

1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో కాటన్ పాల్గొన్నారు. అక్కడి నుంచి తిరిగివచ్చాక 1828లో కావేరి పనుల బాధ్యత ఆయనకు దక్కింది. కొల్లిడం నది మీద 1836లో ఆయన నిర్మించిన ఆనకట్టలు తంజావూరు సీమను నిలబెట్టాయి. ఆ కథ తమిళులు చెప్పుకోదగినది. మన కథకు కావలసిందల్లా ఒక్కటే. నీటి మీద పెట్టిన రూపాయి అనతికాలంలోనే శిస్తు రూపంలో వడ్డీతో తిరిగి వస్తుందని కంపెనీ దొరలకు అంకెలతో చూపగల అధికారిగా కాటన్‌కు అక్కడే పేరు వచ్చింది.

ఎండదెబ్బలు, జ్వరాలు ఆయన ఆరోగ్యాన్ని తరచూ దెబ్బతీశాయి. విశ్రాంతి కోసం సెలవుపై వెళ్లి ఆస్ట్రేలియా ప్రాంతంలో ఉండగా 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌తో వివాహం జరిగింది. తిరిగివచ్చిన తరువాత కొంతకాలం విశాఖపట్నంలో విధులు నిర్వర్తించారు.

విశాఖ తీరంలో రాతి కట్టలు

విశాఖవాసులలో ఎందరికి తెలుసో గాని, కాటన్ కొలువు చేసిన పట్టణాల్లో వారిదీ ఒకటి. అప్పట్లో అక్కడ సముద్రం తీరాన్ని కోసుకుంటూ ఊరి మీదికి వస్తోంది. కాటన్ తీరానికి అడ్డంగా, కడలిలోకి చొచ్చుకొనిపోయేలా రాతి కట్టలు వేయించారు. తూర్పు తీరంలో కెరటాల తాకిడికి ఇసుక ఏడాదిలో అధిక భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. అడ్డుకట్ట ఉంటే ఆ ఇసుక దాని పక్కన పేరుకొని తీరం నిలదొక్కుకుంటుంది. గోడ కట్టి సముద్రంతో తలపడే కన్నా, సముద్రం మోసుకొచ్చే ఇసుకనే గోడగా మార్చుకోవడం ఇందులోని కిటుకు. ఆ పట్టణంలోనే ఒక చర్చి నిర్మాణాన్ని కూడా ఆయన చేయించారు.

ఇసుక కదలికను లెక్కించకుండా తూర్పు తీరంలో రేవు కట్టడం దుస్సాధ్యం. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడన ఓడరేవు వెలసింది మరో తొమ్మిది దశాబ్దాలకు గాని, దానిని కట్టిన ఇంజినీర్లు కూడా మొట్టమొదట ఎదుర్కొన్నది ఆ ఇసుకనే.

కోరంగి కథ

కాటన్ గోదావరి తీరానికి చేరేనాటికి ఈ సీమ పరిస్థితి నేటి తరానికి ఊహకందదు. 1833 ప్రాంతంలో విరుచుకుపడిన కరువు గుంటూరు మొదలు గోదావరి వరకు ఊళ్లను ఖాళీ చేసింది. 1821లో 7.38 లక్షలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నది నిండుగా పారుతున్నా పొలానికి చుక్క ఎక్కని దుస్థితి. ఒకచోట కాస్తోకూస్తో పండినా పక్క తాలూకాకు చేర్చే దారి లేదు. బాటలు లేవు, వంతెనలు లేవు. వర్షాకాలం వచ్చిందంటే ఎద్దుబండి ఇరుసు దాకా బురదలో దిగబడేది.

దీనికి తోడు రేవు కూడా కూలిపోయింది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు, ఓడలు మరమ్మతు చేసే ఊరు. బర్మాకు వలసవెళ్లిన తెలుగువారికి అక్కడ కోరంగివాళ్లన్న పేరే స్థిరపడిపోయిందంటే ఆ రేవు ప్రాభవం ఎంతటిదో గ్రహించవచ్చు. 1839 నవంబరులో వచ్చిన తుపానుకు సముద్రం ఊరి మీదికి ఎగసిపడి కోరంగిని నేలమట్టం చేసింది. అంతకు అర్ధశతాబ్ది క్రితం, 1789లో కూడా ఆ ఊరికి అదే గతి పట్టింది. చావగా మిగిలినవారు తిరిగి నిలబడదామన్నా, గోదావరి ఏటేటా మోసుకొచ్చే ఒండ్రు మట్టి ఏరు నోటిని పూడ్చివేస్తూ వచ్చింది.

జిల్లా పతనానికి కారణాలు విచారించేందుకు ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమెరీని నియమించింది. గోదావరి నీటిని మళ్లించడమే విరుగుడని, ఆ పనికి కాటన్ తగినవారని ఆయన 1844లో సూచించారు. అదే ఏడాది కాటన్ తన తొలి నివేదికను సమర్పించారు. మరుసటి ఏడాది మరొకటి పంపారు. వాటిలో ఆనకట్ట కొలతలతో పాటు కాలువల్లో నడిచే పడవల ప్రస్తావన, కోరంగి రేవును బాగు చేయవలసిన ఆవశ్యకత కూడా చోటుచేసుకున్నాయి. పంట పెరిగి, దానిని బయటకు పంపే దారి లేకపోతే ఉన్న ఊళ్లోనే ధర పడిపోయి రైతు మళ్లీ మునుగుతాడన్న సూక్ష్మం ఆయనకు అవగతమే. శిస్తు వసూలు చేసే అధికారులకు మాత్రం అది పట్టలేదు.

లండనులోని డైరెక్టర్లు 1846 డిసెంబరులో అనుమతినిచ్చారు. మంజూరైన అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. అది ఆనకట్టకు. రేవు సంగతి తరువాత చూద్దామన్న ధోరణిలోనే ఆ అనుమతి సాగింది.

లాకు తలుపులు తెరుచుకున్న వేళ

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం.. నాలుగు పాయల మీద కలిపి రెండుంబావు మైళ్ల రాతికట్ట. వేలాది కూలీలు చెమటోడ్చారు. ధవళేశ్వరం కొండ రాయి, లంకల కలప, స్థానికంగా కాల్చిన సున్నమే సామగ్రి. స్థానికుడైన వీణెం వీరన్న కూలీలను సమీకరించి, పనిని నడిపించి కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. 1848లో వడదెబ్బ తగిలి కాటన్ రెండేళ్లపాటు దూరం కావలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఆర్ పనిని సాగించారు. 1852 నాటికి కట్ట పూర్తయింది. ఈ భాగం ప్రతి జయంతికీ అందరూ చెప్పేదే గనుక విస్తరించడం లేదు.

చెప్పవలసింది కాలువల గురించి. పొలానికి నీరిచ్చే కాలువ వేరు, పడవ నడిచే కాలువ వేరు. నీరు పారాలంటే వాలు కావాలి. పడవ ఎదురు నడవాలంటే వాలు తక్కువగా ఉండాలి. ఈ రెంటినీ పొసగించేందుకే లాకులు. కాలువ మట్టం పడిపోయే చోట రెండు జతల తలుపులతో ఒక తొట్టి కడతారు. దిగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనుక తలుపులు మూస్తారు. ఎగువ తూముల ద్వారా నీరు వదిలితే పడవ తొట్టితో పాటు పైకి లేస్తుంది. మట్టాలు సమానం కాగానే ముందు తలుపులు తెరుస్తారు. ఎద్దు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. ఎత్తే పని అంతా నీరే చేస్తుంది. ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల వద్ద ఈనాడు చిత్రాల షూటింగులకు వచ్చేవారు ఆ తలుపుల అందాన్ని చూసి వెళుతుంటారు. ఒకనాడు అక్కడ ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, కలప తెప్పలు వరుస కట్టి తమ వంతు కోసం నిరీక్షించేవి.

గోదావరి డెల్టాలో దాదాపు 500 మైళ్ల కాలువలు ఈ విధంగా పడవలకు అనువుగా రూపొందాయి. చుక్కాని పట్టేవాడు ఒకడు, గట్టు మీద నడుస్తూ తాడు లాగేవారు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు, పదుల కొద్దీ బండ్లు మోయలేని బరువు రేవుకు చేరేది. రాదారి పడవల్లో పెళ్లివారు, పల్లెల నుంచి పట్నానికి చదువులకు వెళ్లే పిల్లలు, కోర్టు పక్షులు ప్రయాణించిన ముచ్చట్లు మన తాతల తరం వరకు సజీవంగా ఉన్నాయి. కృష్ణా కాలువలతోను, 1876-78 నాటి కరువు పనుల్లో తవ్వించిన బకింగ్‌హామ్ కాలువ భాగాలతోను జోడించాక కాకినాడలో ఎక్కిన సరుకు నేల మీద దిగకుండా మద్రాసు దాటి పోగలిగింది.

ఇక రేవు విషయానికి వస్తే కోరంగి పూడిపోయింది. కాలువ చేరిన చోటే వర్తకం చేరుతుంది గనుక కాకినాడ పెరిగింది. జగన్నాథపురం పక్కన ఉప్పుటేరు ఒడ్డున గిడ్డంగులు, ఆంగ్లేయ వ్యాపార సంస్థలు వెలిశాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగి అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు నిలిచిపోగా, కాకినాడ నుంచి పత్తి ఎగుమతి ఊపందుకుంది. 1865లో వాకలపూడిలో దీపస్తంభం వెలిగింది. 1866లో కాకినాడ పురపాలక సంఘమైంది.

ఇంత జరిగినా ఓడ మాత్రం ఒడ్డుకు రాలేదు. గోదావరి ఒండ్రు వల్ల కాకినాడ అఖాతం అడుగు మెల్లగా వాలుతూ పోతుంది. పెద్ద ఓడ తేలగలిగే లోతు మైళ్ల దూరంలో గాని దొరకదు. అందుచేత కాలువ పడవ నుంచి ధాన్యాన్ని గిడ్డంగికి, అక్కడి నుంచి ఉప్పుటేరులో నిలిచిన నావకు, నావ నుంచి కడలిలో లంగరు వేసిన ఓడకు.. ఇలా ఒకే బస్తాను మూడు నాలుగుసార్లు ఎత్తి దించవలసి వచ్చేది. గాలి ఎదురు తిరిగినా, తుపాను సూచనలు కనిపించినా పని ఆగిపోయేది. కాలువ మీద మిగిల్చిన ఖర్చులో కొంత భాగం ఈ ఎత్తుడు దించుడులో కరిగిపోయేది. లంగరు వేసిన ఓడలను ఈశాన్య గాలుల నుంచి కాపాడింది ప్రభుత్వపు గోడ కాదు, గోదావరి ఇసుక తనంత తానుగా పేర్చిన హోప్ ఐలాండ్ అనే దిబ్బ. ప్రకృతి వేసిన ఆ కట్టను ఆసరా చేసుకొని లోతు తవ్వించేందుకు ఖజానా నుంచి కావలసినంత సొమ్ము రాలేదు. కారణం సుస్పష్టం. కాలువ తవ్విస్తే మరుసటి ఏడే ఎకరానికి ఇంత అని నీటి తీరువా పడుతుంది. రేవు తవ్విస్తే లాభం వర్తకునికి, రైతుకు, ఓడకు, ఊరికి తలా కొంచెంగా చేరుతుంది. అది కలెక్టరు జమాబందీ పుస్తకంలో ఒక వరుసగా కనిపించదు.

నాగపురానికి నీటిబాట

కాటన్ చూపు డెల్టా దగ్గర ఆగలేదు. గోదావరి పుట్టింటి వైపు నుంచి, అంటే మధ్య పరగణాలు, బీరారు నుంచి పత్తి కాకినాడకు పడవల మీద రావాలన్నది ఆయన సంకల్పం. గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా వందల మైళ్ల జలమార్గం. దానికి ప్రధాన అవరోధాలు మూడు చోట్ల నదికి అడ్డంగా నిలిచిన రాతి మెట్టలు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి వద్ద నీరు జలపాతంలా దూకే ఆ మెట్టలను లాకులతో దాటించాలన్న ప్రణాళికకు ప్రభుత్వం సొమ్ము మంజూరు చేసింది. కాటన్ శిష్యుడు హేగ్ ఆ పనిని చేపట్టారు. దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు ఆ ప్రయత్నానికి గుర్తులుగా నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మిగిలాయి.

అడవి జ్వరాలు కూలీలను, అధికారులను ఒకే రీతిన పొట్టన పెట్టుకున్నాయి. వరద కాలంలో పని సాగదు, ఎండకాలంలో మనుషులు నిలవరు. మంజూరైన సొమ్ము ఒక ఏడు వచ్చేది, మరో ఏడు తగ్గేది. ఈలోగా బొంబాయి నుంచి బయలుదేరిన రైలు 1867లో నాగపురం చేరుకుంది. బీరారు పత్తికి పడమటి రేవు దగ్గరైపోయింది. 1871లో ఎగువ గోదావరి పనులను ప్రభుత్వం నిలిపివేసింది. సగం కట్టిన గోడలు అడవి పాలయ్యాయి.

ఇందులో తప్పంతా సర్కారుదేనని చెప్పడం న్యాయం కాదు. ఏడాదిలో ఎన్ని నెలలు ఎగువ గోదావరిలో పడవకు చాలినంత నీరు ఉంటుందన్న ప్రశ్నకు కాటన్ చెప్పిన సమాధానం ఆశతో కూడినది. కర్నూలు, కడప సీమల కోసం మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తలపెట్టిన కాలువ విషయంలోనూ ఇదే జరిగింది. అది ఆయన ఆలోచన నుంచి పుట్టినదే. బళ్లారి వైపు నుంచి నెల్లూరు తీరం దాకా పడవలు నడవాలన్నది ఊహ. పది లక్షల పౌండ్ల మూలధనానికి అయిదు శాతం వడ్డీని ప్రభుత్వం పూచీపడింది. ఆచరణలో సుంకేసుల నుంచి కడప వరకే కాలువ వచ్చింది. నీటి తీరువా చెల్లించేందుకు రైతులు ముందుకు రాలేదు. ఖర్చు అంచనాలను మించిపోయి కంపెనీ చితికిపోగా 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. అయితే నేడు కేసీ కాలువ కింద సేద్యం చేస్తున్న రైతును అడిగితే దానిని విఫలయత్నమని అంగీకరించడు. అది వేరే సంగతి.

డెబ్భై అయిదేళ్ల వయసులో బోనులో

కాటన్ 1861లో సర్ బిరుదు పొందారు. అప్పటికే స్వదేశానికి చేరుకున్నా, భారతదేశపు పనుల గురించి పుస్తకాలు, ఉపన్యాసాలు, పత్రికలకు లేఖలతో ప్రభుత్వాన్ని నిలదీయడం మానలేదు. 1876-78 నాటి మహాక్షామంలో దక్షిణాదిన లక్షలాది మంది ఆకలితో మరణించారు. రైళ్లు ఉన్నాయి, ధాన్యం కూడా కొన్నిచోట్ల ఉంది. కొనే శక్తి ప్రజలకు లేదు, పండించే నీరు పొలాలకు లేదు. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం పండి, పొరుగు జిల్లాలకు సైతం ధాన్యం పంపాయి.

ఆ నేపథ్యంలో 1878లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ నియమించిన సంఘం ఎదుట కాటన్ హాజరయ్యారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై అయిదు. సంఘ సభ్యుల ప్రశ్నలు నేరస్థుడిని విచారించే తీరులో సాగాయి. ఆయన వెనుకడుగు వేయలేదు. దేశం నలుమూలలనూ జలమార్గాలతో కలిపే పటాన్ని వారి ముందుంచారు. కలకత్తా నుంచి గంగ, సింధు నదుల మీదుగా కరాచీకి ఒకటి. కాకినాడ నుంచి గోదావరి ఎక్కి తపతి దిగి సూరత్‌కు మరొకటి. తుంగభద్ర మీదుగా కార్వారుకు ఇంకొకటి. కోయంబత్తూరు, పాలఘాట్ మీదుగా పొన్నానికి వేరొకటి. మొత్తం పదివేల మైళ్లు, అంచనా మూడు కోట్ల పౌండ్లు. ఆ పటంలో ప్రతి గీతకూ రెండు కొసలా ఒక్కో రేవు ఉండటం గమనార్హం. నదుల అనుసంధానం గురించి మాట్లాడేవారు ఈ పటాన్ని తరచూ ఉదహరిస్తారు గాని, దాని కొసలన్నీ సముద్రంలో ఉన్నాయన్న సంగతిని విస్మరిస్తుంటారు.

సంఘం ఆయన వాదనను ఆమోదించలేదు. రైల్వే కంపెనీలకు ప్రభుత్వం వడ్డీ పూచీ ఇచ్చింది, లండనులో వాటాదారులు ఉన్నారు, సైన్యాన్ని తరలించేందుకు రైలు కావాలి. జలమార్గం వెనుక అటువంటి బలగం లేదు. రైలు వల్ల ప్రయోజనం లేదన్నంత వరకు కాటన్ వెళ్లడం అతిశయోక్తే. ఆయన తరువాతి కాలమంతా రైలుదే అయింది. కానీ బరువైన, చవకైన సరుకును తక్కువ ఖర్చుతో మోయగలిగేది నీరేనన్న ఆయన మూలసూత్రాన్ని నేటికీ ఎవరూ కాదనలేరు. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు గల పాత కాలువలను 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది.

చివరి రోజులను కాటన్ ఇంగ్లండులోని డోర్కింగ్ పట్టణంలో గడిపారు. తొంభయ్యో పడిలో సైతం పెరటి నేలను లోతుగా తవ్వి గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు చేస్తుండేవారు. 1899 జులై 24న తొంభై ఆరేళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు. ఆయన జీవితచరిత్రను కుమార్తె లేడీ హోప్ మరుసటి సంవత్సరం వెలువరించారు.

సొమ్ము మరో చోటికి

ఆయన మరణించేనాటికి రాజమండ్రి వద్ద గోదావరి మీద రైలు వంతెన నిర్మాణం చివరి దశలో ఉంది. 1900లో అది పూర్తికాగానే డెల్టా పంట రైలెక్కింది. కాలువ పడవలకు గిరాకీ క్రమేపీ తగ్గింది.

మధ్య పరగణాల సరుకు తూర్పు తీరానికి రావాలన్న కాటన్ ఆలోచన మాత్రం చనిపోలేదు. అది కాకినాడను వదిలి విశాఖకు చేరింది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ప్రభుత్వం కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. 1927లో మొదలైన నిర్మాణం 1933లో ముగిసింది. వ్యయం 3.78 కోట్ల రూపాయలు. రాయపూర్ నుంచి విజయనగరం వరకు రైలుమార్గం వేసి, మధ్య పరగణాల మాంగనీసును నేరుగా ఓడ పక్కకు చేర్చారు. ముఖద్వారంలోకి ఇసుక రాకుండా రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ పక్కన సముద్రంలో ముంచి అడ్డుకట్టగా నిలిపారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీకి చెందిన జలదుర్గ నౌక తొలిగా లోపలికి ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. ఒక రేవుకు కావలసిన మూడింటినీ, అంటే లోతును, వెనుక ప్రాంతాన్ని, దారిని ఒకేసారి సొమ్ము పెట్టి సమకూర్చడం తెలుగు తీరంలో అదే ప్రథమం. కాటన్ 1844లో గోదావరికి అడిగింది ఇంచుమించు అదే.

కాకినాడకు లోతైన రేవు 1997 నవంబరులో వచ్చింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు సహాయంతో రాష్ట్ర ప్రభుత్వం నిర్మించి, 1999లో నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. కాటన్ నివేదిక సమర్పించిన నాటి నుంచి లెక్కిస్తే నూట యాభై మూడేళ్లు. ఆ తరువాత 2022లో రామాయపట్నంలో, 2023లో మూలపేట, మచిలీపట్నంలలో కొత్త రేవుల పనులకు రాష్ట్ర ప్రభుత్వం శ్రీకారం చుట్టింది.

లోతైన రేవు వచ్చినా కాకినాడలో పాత యాంకరేజీ రేవు మూతపడలేదు. డెల్టా మిల్లుల నుంచి లారీల్లో వచ్చిన బియ్యం బస్తాలను ఉప్పుటేరు ఒడ్డున హమాలీలు నావల్లోకి ఎక్కించడం, ఆ నావలు హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసిన ఓడల వద్దకు మైళ్ల దూరం వెళ్లడం కొనసాగుతూనే ఉంది. ఆఫ్రికా దేశాలకు ఇక్కడి నుంచి వెళ్లే బియ్యంలో చాలా భాగం ఆ దారినే పోతుంది.